మీ అన్నయ్య చవక బండి

*

ఇంటి నుంచి, వంటగది బల్ల మీద

మరదలు పిల్లకి,

ఫోన్ చేయకుండా వదిన ఉత్తరం రాసిందేమిటా అని కంగారు పడకు. అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. ఈ ఇంట్లో ఫోన్లో ఏం మాట్లాడినా మీ అన్నయ్య చెవిన పడుతుంది. ఆయన గురించి ఆయన వింటుండగా నవ్వడం నాకు చేతకాదు. అందుకే కాగితం.

మీ అన్నయ్య రేసు కారు కడుతున్నారు.

కొనడం కాదమ్మాయ్, కట్టడం. ఇల్లు కట్టినట్టు పునాది నుంచి. గొట్టాలు కోసి, అతికించి, చట్రం చేసి, దాంట్లో ఇంజను కూర్చోబెట్టి, ఇంజనుకి ముందు తాము కూర్చుంటారట. ఊరి బయట పాత విమానాల మైదానం ఉంది కదా, అక్కడో క్లబ్బుంది. సొంతంగా బండి కట్టుకునేవాళ్ళ కోసం అందులో చవక తరగతి అని ఒకటి పెట్టారు. ఒక్కటే సీటు, చిన్న కారు ఇంజను, మొత్తం ఖర్చు ఒక పాత కారు ధర దాటకూడదు, కొన్న ప్రతిదానికీ రసీదు చూపాలి. "డబ్బున్నవాడు కాదోయ్, తెలివున్నవాడు గెలవాలని పెట్టారు" అంటూ మీసం సవరించుకున్నారు. ఆయనకి మీసం లేదని నీకు తెలుసు. అయినా సవరించుకున్నారు.

"ఎంతవుతుందండీ?" అన్నాను.

"చాలా చవకోయ్."

"చవకంటే?"

"చవకంటే... కట్టుకుంటూ పోతే తెలుస్తుంది."

నీళ్ళ శాఖలో కూర్చుని ఇన్నేళ్ళుగా గొట్టాలకి బొమ్మలు గీస్తున్న మనిషి. ఆయన గీసిన గొట్టం ఒక్కటీ ఇంతవరకు కదల్లేదు. కదలకుండా ఉండడమే వాటి గొప్ప. ఇప్పుడు ఏకంగా పరిగెత్తే గొట్టాలు గీస్తారట.

మొదట ఏం కొన్నారో చెప్పు చూద్దాం? ఇంజను కాదు, ఇనుము కాదు. స్టీరింగ్ చక్రం. మెత్తటి తోలు తొడిగినది, రేసు వాళ్ళు వాడేది. మన వాషింగ్ మెషీన్ ప్రాణం విడిచి రెండు నెలలైంది. నేను రోజూ బడి పిల్లల బస్సు నడిపొచ్చి దుప్పట్లు చేత్తో ఉతుకుతున్నాను. కాబట్టి ఇకమీదట ఈ ఇంటి ధరలన్నీ నీకు వాషింగ్ మెషీన్లలో చెబుతాను. ఆ చక్రం ఖరీదు సగం మెషీన్. నిన్న సాయంత్రం దాన్ని రెండు చేతులా పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. నోటితో చప్పుడు చేయలేదంటారు. నేను విన్నాను.

ఎదురింటి పళ్ళ డాక్టరు కూడా కడుతున్నాడు. ఆయనదీ చవక తరగతే. ఆయన దగ్గర పన్ను పీకించుకున్నవాళ్ళని అడిగితే చెబుతారు, ఆయన లెక్కలో చవకంటే ఏమిటో.

మీ అన్నయ్యకి బుద్ధి చెప్పే మార్గం ఏదైనా ఉంటే రాయి.

వదిన

*

కోర్టు మేడ మీద, నకళ్ళ విభాగం నుంచి

వదినకి,

నీ ఉత్తరం బల్ల కింద పెట్టుకుని చదివాను. పక్క కుర్చీ ఆవిడ "ఎవరైనా పోయారా?" అంది. నేను నవ్వాపుకోవడానికి మొహం అలా పెట్టానన్నమాట.

ఇక్కడ రోజంతా నేను టైపు చేసేవన్నీ ఇళ్ళు గుల్ల చేసుకున్న మగవాళ్ళ కథలే. పేకాట చూశాను, స్థలాల పిచ్చి చూశాను, గుర్రాలు చూశాను. స్టీరింగ్ చక్రంతో మొదలైన కేసు ఇంతవరకు రాలేదు. దాన్ని భద్రంగా ఉంచు, రేపు నీ విడాకుల కాగితాలకి మొదటి సాక్ష్యం అదే. నకలు ఉచితంగా తీసిపెడతాను.

తమాషా పక్కన పెడితే, వాడిని వద్దనకు. వద్దంటే మా అన్నయ్య ఇంకో రెండు కొంటాడు. ఏ వస్తువు పేరెత్తినా రెండు ప్రశ్నలు అడుగు. అది లేకపోతే బండి కదలదా? అలాంటిది ఎవరి దగ్గరైనా వాడకుండా పడుందా? గొంతు పెంచకుండా, నవ్వు మొహంతో అడగాలి. ఇక్కడ ముదురు లాయర్లు చేసేది అదే. మనిషి తన జవాబు తానే విని సిగ్గుపడతాడు.

పడకపోతే మాత్రం నా దగ్గర మందు లేదు.

నీ మరదలు

*

ఇంటి నుంచి, షెడ్డు గుమ్మంలో

మరదలు పిల్లకి,

ఆలస్యమైంది, తిట్టుకోకు. చేతులకి గ్రీజు, కాగితం మీద మరకలు కనబడుతూనే ఉంటాయి.

ముందు మీ అన్నయ్య ఘనకార్యాలు విను. కొత్త గొట్టాలు తెచ్చి, అద్దె వెల్డింగ్ మిషనుతో తానే అతికించి, చట్రం చేశారు. నేల మీద పెడితే నాలుగు మూలల్లో మూడే ఆనాయి. "నేల వంకరగా ఉందోయ్" అన్నారు. చట్రాన్ని తిప్పి పెట్టాను. ఈసారి కూడా అదే మూల లేచింది. తర్వాత ఒకరి దగ్గర ఇంజను, ఇంకొకరి దగ్గర గేరుపెట్టె కొన్నారు. ఆ రెంటికీ పుట్టుకతోనే పడదు, ఒక్క బోల్టూ కలవలేదు. ఆపైన పళ్ళ డాక్టరు రేసు సామాన్ల పుస్తకం చూపించి ఎగదోస్తే తళతళలాడే బ్రేకులు తెప్పించారు. మొత్తం మూడు మెషీన్లు పోయాయి. షెడ్డులో ఉన్నది మాత్రం ఒక వంకర మంచం, దాని పక్కన మాట్లాడుకోని రెండు ఇనప ముద్దలు.

అప్పుడు నీ ప్రశ్నలు అడిగాను. నవ్వు మొహంతోనే. మనిషి చాలాసేపు బ్రేకుల వంక చూసి, "లేకపోయినా కదులుతుందోయ్, ఆగదు" అన్నారు. నాకు నిజంగానే నవ్వొచ్చింది, ఆయనకీ వచ్చింది.

మర్నాడు బడికి సెలవు. ఇద్దరం పాత ఇనుము కొట్టుకి వెళ్ళాం. ఆ ఆసామిని అందరూ తుప్పు అంటారు, ఆయనా పలుకుతాడు. ఒక మూల చిన్న కారొకటి ఉంది. వెనక భాగం గోడకి గుద్దుకుని అప్పడమైంది, ముందంతా చెక్కుచెదరలేదు.

"ఇంజను ఎంత?" అన్నారు మీ అన్నయ్య.

"ఇంజను అమ్మనండి. కారు మొత్తం తీసుకోండి" అన్నాడు తుప్పు.

"మొత్తం నేనేం చేసుకోను?"

నేను కల్పించుకున్నాను. "మొత్తం తీసుకుంటే ఎంతకిస్తావ్?"

చెప్పాడు. సగం అన్నాను. గుండె పట్టుకున్నాడు. పట్టుకుంటే పట్టుకున్నావ్, మా బడి బస్సుల పాత టైర్లన్నీ ఈ దారినే పోతాయి, గుమాస్తాకి నీ పేరు చెప్పనా అన్నాను. గుండె వదిలేశాడు.

అమ్మాయ్, అసలు కిటుకు అదే. ఇంజను, గేరుపెట్టె, బ్రేకులు, చక్రాలు, తీగలు అన్నీ ఒకే ఇంట్లో పుట్టినవి. ఒకదానికొకటి సరిగ్గా కూర్చుంటాయి, కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. మనకి పనికిరాని తలుపులు, అద్దాలు, సీట్లు, దీపాలు మరమ్మతు షాపుల చుట్టూ తిరిగి అమ్మేశాను. పెట్టిన దాంట్లో ముప్పాతిక వంతు తిరిగొచ్చింది. పోట్లాడుకునే ఇంజనునీ గేరుపెట్టెనీ విడివిడిగా వాటి వాటి జాతి వాళ్ళకి అమ్మాం. తళతళ బ్రేకులు ఎదురింటాయనే కొన్నాడు, బేరం కూడా ఆడలేదు. నాకు జాలేసింది, డబ్బు లోపల పెట్టాక.

మన చట్రం మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి రెండు పాత చెక్క తలుపులు నేల మీద సమంగా పరిచి, గొట్టాల్ని వాటికి బిగించి, అప్పుడు అతికించాం. పాత ముక్కల మీద రోజుల తరబడి సాధన చేయించాను. మొదట్లో మీ అన్నయ్య అతుకులు కాకి రెట్టల్లా ఉండేవి. ఇప్పుడు చూడాలి, కుట్టు మిషను వేసిన కుట్లలా వరసగా. నిజంగా చెబుతున్నాను, ఆయన చేతిలో అంత పనుందని నాకు తెలీదు.

తల కాపాడే గొట్టం, బెల్టులు, హెల్మెట్ మాత్రం కొత్తవే కొన్నాం. అక్కడ మిగిల్చి ఎవరికి పెట్టను?

వదిన

*

కోర్టు మేడ మీద నుంచి

వదినకి,

మొదటి ఉత్తరంలో "మీ అన్నయ్య రేసు కారు". రెండో ఉత్తరంలో "మన చట్రం". నేను కాగితాలు చదివి బతికేదాన్ని, నాకు మాటలు కనబడతాయి. వాషింగ్ మెషీన్ ఊసు కూడా తగ్గింది. నిన్ను కూడా పురుగు కుట్టింది, ఒప్పుకో.

కుడితే కుట్టింది గాని ఒక్క సందేహం. బండి నడిపి జీతం తెచ్చుకునే మనిషి మీ ఇంట్లో ఒక్కతే. రోజూ నలభై మంది పిల్లల్ని చెక్కుచెదరకుండా దింపే మనిషి. మరి రేసు రోజున ఆ మనిషి ఏం చేస్తుంది? గట్టు మీద నిలబడి తువ్వాలు ఊపుతుందా? మా అన్నయ్య సంగతి నీకు చెప్పేదేముంది, సందులోంచి స్కూటరు తీయడానికి ముగ్గురు సాయం పట్టాలి.

ఊరికే అడిగాను. నాకెందుకు.

మరదలు

*

ఇంటి నుంచి, మళ్ళీ వంటగది బల్ల మీద

మరదలు పిల్లకి,

బండి నిలబడింది. నాలుగు చక్రాల మీద, నాలుగూ నేలకి ఆని. కిందటి నెల మైదానానికి తీసుకెళ్ళి మీ అన్నయ్య నడిపి చూశారు. ఒక కడ్డీ వంగింది, అంతే, విప్పి సరిచేసుకున్నాం. అందులో చెప్పుకోవాల్సిందేమీ లేదు.

చెప్పుకోవాల్సింది బరువు సంగతి. బండీ, నడిపే మనిషీ కలిపి అయిదు వందల కిలోలకి తగ్గకూడదని క్లబ్బు నియమం. తేలిక సామాన్ల కోసం ఎవరూ ఆస్తులు తగలేయకుండా పెట్టారు. తగ్గితే ఫలితం కొట్టేస్తారు, పెరిగితే మోసుకు తిరిగే ఖర్మ మనది. తుప్పు కొట్లో ఇనుము తూచే పెద్ద కాటా మీదకి బండి ఎక్కించాం. మీ అన్నయ్య లోపల కూర్చున్నారు. తుప్పు ముల్లు చూసి, ఆయన్ని చూసి, మళ్ళీ ముల్లు చూశాడు.

"నలభై అయిదు ఎక్కువండీ."

పళ్ళ డాక్టరు వెంటనే మందు రాసిచ్చాడు. తేలిక లోహం చక్రాలు, తేలిక రేకు. నాలుగు మెషీన్లు! ఆయన దంతాలకి తొడుగులు వేసినంత సులువుగా చెబుతాడు.

ఆలోచించాను. బండిలో అన్నింటికన్నా బరువైన సామాను ఏది? ఇంజను తర్వాత మీ అన్నయ్య. ఇంజనుకి మాత్రం పనుంది. ఆయన బొజ్జ గుర్రపుశక్తి ఇవ్వదు, చమురు అడగకపోయినా మిగతావన్నీ అడుగుతుంది. దాన్ని కరిగించాలంటే వచ్చే ఏడు రేసుకైనా అందదు. అందుకని నాకొక చవక మార్గం తట్టింది, ఆయనకి చెప్పాను. పైసా ఖర్చు లేదు.

అప్పట్నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. షెడ్డులో కూర్చుని తుడిచిందే తుడుస్తున్నారు.

మిగతాది తర్వాత రాస్తాను.

వదిన

*

కోర్టు మేడ మీద నుంచి

వదినకి,

నువ్వు రాయని మిగతాది అన్నయ్య చెప్పాడు. ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. నాకు ఫోన్ చేసి కష్టం చెప్పుకునే మనిషి కాదు వాడు, నీకు తెలుసు.

"సీటు నా నడుం కొలతకి రేకు వంచి చేసుకున్నానే. ఇప్పుడు మీ వదిన వీపు వెనక దిండు పెట్టుకుని అందులో కూర్చుంటోంది" అన్నాడు. "ముప్ఫై నాలుగు కిలోలు తేడా ఉందట ఇద్దరికీ. లెక్క కాగితం మీద వేసి చూపించింది. లెక్క తప్పని అనలేను కదా."

వదినా, అన్నయ్య బొజ్జని వెక్కిరించడం నా జన్మహక్కు. నడపాల్సింది నువ్వేనని ముందు సూచించిందీ నేనే, కాదనను. అయితే నువ్వు అడిగి తీసుకుంటావనుకున్నాను గాని, తూకానికి ఎక్కించి దింపేస్తావనుకోలేదు. ఆ బండి వాడి తలలో పుట్టింది. నువ్వొచ్చి ఖర్చు తగ్గించావు, సంతోషం. తగ్గిస్తూ తగ్గిస్తూ చివరికి మనిషినే తగ్గించావు. దీన్ని పొదుపంటారా? మా కోర్టులో దీనికి వేరే పేరుంది. ఇంటివాడిని బయట నిలబెట్టి ఇల్లు స్వాధీనం చేసుకోవడం అంటారు.

బాధపడితే పడు. ఇన్ని ఉత్తరాల్లో నువ్వు వాడి మీద వేసిన జోకులన్నీ నేనూ నవ్వాను. ఈ ఒక్కటి నవ్వలేకపోయాను.

మరదలు

*

బడి బస్సులోంచి, పిల్లలు బయటికి రాకముందు

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం చదివి ముందు చించేద్దామనుకున్నాను. తర్వాత నీ మొహాన కొట్టేలా నాలుగు పేజీలు రాసి, వాటిని చించాను. ఇది రెండోది.

కబ్జాదారు చెబుతోంది, విను. మైదానంలో కడ్డీ వంగిందని ఒక్క ముక్కలో రాశాను కదా. జరిగింది ఇది. రెండో మలుపులో బండి గిర్రున తిరిగింది. గడ్డి మీదకి పోయి, అడ్డంగా పేర్చిన టైర్లకి గుద్దుకుని ఆగింది. నేను పరిగెత్తుకెళ్ళాను. దెబ్బ ఒక్కటీ తగల్లేదు. చక్రం పట్టుకుని అలాగే కూర్చున్నారు.

"ఏమండీ!"

"బాగానే ఉన్నానోయ్. కడ్డీ వంగిందేమో చూడు."

"ముందు మీరు దిగండి."

"కడ్డీ వంగిందేమో చూడవోయ్."

బెల్టు విప్పుకోలేకపోయారు. వేళ్ళు ఆడటం లేదు. నేనే విప్పాను. చక్రాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, తోలు తొడుగు మీంచి ఒక్కొక్క వేలూ నేను తీయాల్సొచ్చింది. ఎవరూ చూడకుండా ఆయనకి అడ్డంగా నిలబడ్డాను.

కడ్డీ మర్నాడే బాగైంది. కాని మైదానానికి ఎప్పుడు వెళ్దామన్నా ఏదో ఒక పని తగిలేది. రంగు ఆరలేదు. నూనె మార్చాలి. గాలి తగ్గింది. నాలుగు వారాలు అలా గడిచాయి. రేసు వద్దని అనలేరు, వీధి వీధంతా చెప్పుకున్నారు. నడపలేనని అనలేరు. నేను ఆ మాట ఎత్తితే ఇక ఆ షెడ్డులో అడుగు పెట్టరు. అలాంటప్పుడు కాటా ముల్లు నలభై అయిదు చూపించింది. నాకు దణ్ణం పెట్టాలనిపించింది దానికి. బొజ్జ ఉందని పెళ్ళాం చేత తిట్టించుకోవచ్చు, అలగొచ్చు, చెల్లెలికి ఫోన్ చేసి ఏడవొచ్చు. భయమేసిందని ఎవరితో చెప్పుకుంటారు? అందుకే బొజ్జ మీదికి తోశాను. నీతో ఎందుకు చెప్పలేదంటే, నువ్వు ఆయన చెల్లెలివి. నీ కళ్ళలో ఆయన ఎలా ఉన్నారో అలాగే ఉండనిద్దామని.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి, లేకపోతే నీ కోర్టు భాషలో అబద్ధపు సాక్ష్యం అవుతుంది. అంతా ఆయన కోసమే చేశానని అనను. ఇన్నేళ్ళుగా నేను నడుపుతున్న బస్సుకి వేగం దాటకుండా తాళం బిగించి ఉంది. ఆ సీట్లో మొదటిసారి దిండు పెట్టుకుని కూర్చుని, మైదానం చివరిదాకా కాలు తొక్కి పట్టాను. దిగబుద్ధి కాలేదు. అందుకే నీ మాట గుచ్చుకుంది.

నా బరువుతో ఇంకా పదకొండు కిలోలు ఎక్కువున్నాం. రోజూ సాయంత్రం ఏదో ఒక ముక్క విప్పి, అవసరం లేని చోట కోసి, వంటగది కాటా మీద తూచి, గోడ మీద సుద్దతో రాస్తున్నాను. మీ అన్నయ్య పక్కన నిలబడి, "ఇక చాలేమోనోయ్" అంటుంటారు. మాటలు మొదలయ్యాయన్నమాట.

బెల్లు కొట్టారు. పిల్లలొస్తున్నారు. ఈ ఉత్తరం చింపేయి.

వదిన

*

కోర్టు మేడ మీద నుంచి

వదినా,

చింపాను.

అన్నయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. బొజ్జ గురించి గంటసేపు తిట్టాను. చాలా సంతోషించాడు.

రేసుకి రావాలని ఉంది, సెలవు ఇవ్వలేదు. ఏం జరిగినా, ఎవరికంటే వెనకపడ్డా, మొత్తం రాయాలి. ఈసారి కడ్డీలు వంచకు.

మరదలు

*

ఇంటి నుంచి, మంచం మీద, కాళ్ళు చాపుకుని

మరదలు పిల్లకి,

మొత్తం రాయమన్నావు, రాస్తున్నాను. నీళ్ళు పక్కన పెట్టుకుని చదువు.

పదకొండు బండ్లొచ్చాయి. పొద్దున్నే అన్నింటినీ తనిఖీ చేశారు, గొట్టాలు, బెల్టులు చూసి మన దానికి మెచ్చుకోలుగా తలాడించారు. అతుకులు ఎవరు వేశారని ముగ్గురు అడిగారు. మీ అన్నయ్య ఆ మూడుసార్లూ వినబడనట్టు నటించి రెండోసారి అడిగించుకున్నారు.

కావాలంటే రేసుకి ముందు తూయించుకోవచ్చు, దానికి రుసుముంది. "ఒకసారి తూయిద్దామోయ్" అన్నారు మీ అన్నయ్య.

"ఇంట్లో గ్రాములతో సహా తూచాం కదా. ఊరికే డబ్బు తగలేయడం దేనికి?"

"పోనీలే, ఎంతని."

"ఎంతైనా సరే, దండగ."

కాసేపటికి చూస్తే ట్యాంకు నిండా పెట్రోలు పోస్తున్నారు. సగం చాలన్నాను, వినలేదు. పదిమందిలో తిట్టాను. తలొంచుకుని పడ్డారు, పోయడం మాత్రం ఆపలేదు.

రేసు మొదలైంది. "బస్సావిడ, బస్సావిడ" అని వెనక ఎవరో అంటున్నారు. బస్సావిడ బస్సు నడిపినట్టే నడిపింది. ముందున్న మలుపు చూసుకుని, కాలు మెల్లగా తీసి, టైర్లని ఏడిపించకుండా తిప్పి, బయటికొచ్చాక తొక్కడం. నలభై మంది పిల్లలు వెనక కూర్చుని పాలు తాగుతున్నా ఒక్క చుక్క ఒలకదు. మిగతావాళ్ళు మలుపు మలుపుకీ యుద్ధానికి పోయినట్టు పోయారు. ఇద్దరు ఒకరినొకరు గుద్దుకుని ఆగిపోయారు. ఒకాయన ఇంజను పొగలు కక్కింది. పళ్ళ డాక్టరు తిన్నటి దారిలో నన్ను దాటేసి చెయ్యూపాడు. చివరి మలుపులో టైర్లు వేడెక్కి ఆయన బండి వెడల్పుగా బయటికి పోయింది. నేను లోపల్నుంచి జారుకున్నాను. చెయ్యి నేనూ ఊపాను.

నాలుగో స్థానం, అమ్మాయ్! పదకొండులో నాలుగు. డాక్టరుకి అయిదు. మీ అన్నయ్య గట్టు దూకి పరిగెత్తుకొచ్చారు. ఆయన పరిగెత్తగా చూసి ఎన్నేళ్ళైందో.

తర్వాత తూకం. మెడలో ఈల వేసుకున్న పెద్దాయన ఒకాయన కాటా దగ్గర కూర్చున్నాడు. బండెక్కించాను.

"పన్నెండు కిలోలు తక్కువమ్మా."

"మీ కాటా తప్పండీ" అన్నాను.

ఆయనకి అలవాటే కాబోలు. పక్కనున్న ఇనప గుండు ఎత్తి పెట్టి, కాటా సరిగ్గానే ఉందని చూపించాడు. మళ్ళీ తూచాడు. పన్నెండే. పెట్రోలు అయిపోయిందన్నాను, సగానికి పైగా ఉందని మూత తీసి చూపించాడు. నేను ఒక్కొక్క ముక్కా వంటగది కాటా మీద తూచాను, సుద్దతో రాశాను, గోడ తెచ్చి చూపించలేను కదా! గొంతు పెరుగుతోంది. జనం మూగుతున్నారు. డాక్టరు ముందు వరసలో నిలబడి తన పళ్ళు అన్నీ చూపిస్తున్నాడు.

అప్పుడు నా వెనక నుంచి సన్నగా వినబడింది.

"కాటా సరైనదేనోయ్."

తిరిగి చూశాను. మీ అన్నయ్య తన బూట్లతో మాట్లాడుతున్నారు.

"ఆ రోజు తుప్పు కొట్లో... సీటు కింద సంచొకటి పెట్టాను. సీసం. టైర్ల షాపులో చక్రాలకి అంటిస్తారే, ఆ ముక్కలు. పన్నెండు కిలోలుంటుంది. మర్నాడే తీసేశాను."

"ఎందుకండీ?"

ఈలాయన కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నేను మీ అన్నయ్యని చెయ్యి పట్టుకుని మన బండి వెనక్కి లాక్కెళ్ళాను.

"బరువు బాగా ఎక్కువొస్తే, నేను నడుపుతానని నువ్వే అంటావని" అన్నారు. "నేను అడిగితే ఎందుకని అడుగుతావు. ఎందుకో చెప్పాలి కదా."

ఆయనే చెప్పుకుపోయారు. రోజూ నేను ముక్కలు విప్పుతుంటే రోజూ చెప్పేద్దామనుకున్నారట. నా ఉత్సాహం చూసి నోరు రాలేదట. ట్యాంకు నింపింది అందుకేనట.

ఇన్ని రోజులుగా ఆయన పరువు నేను మోస్తున్నానని గొప్పలు పోతున్నాను. ఆ మోత బరువు ఆయనే పెట్టారు. దానికి నేను ఏడవాలో నవ్వాలో తెలియక నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"సీసం ఎందుకండీ మధ్యలో? మీకూ నాకూ ముప్ఫై నాలుగు కిలోలు తేడా. మీ బొజ్జ ఒక్కటే చాలదా నేను అడగడానికి?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "అంతుందని నాకేం తెలుసోయ్!" అన్నారు.

అంతే, ఇద్దరం ఆ చట్రం పట్టుకుని ఒకటే నవ్వు. ఈలాయన వచ్చి చూసి, కాగితం మీద మా వరస కొట్టేసి వెళ్ళిపోయాడు. డాక్టరుకి నాలుగో స్థానం ఇచ్చారు. ఆయన ఓదార్చడానికి వచ్చి, మేం నవ్వుతుంటే అనుమానంగా వెళ్ళిపోయాడు.

తూకం రుసుము ఎంతో తెలుసా? రెండు సబ్బులు. ఈ ముక్క నువ్వు ఎవరితోనూ అనకూడదు.

వదిన

*

కోర్టు మేడ మీద, నకళ్ళ విభాగం నుంచి

వదినకి, అన్నయ్యకి,

ఈసారి ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. ఎవరికి రాసినా రెండోవాళ్ళ దగ్గర దాస్తున్నారు, చాలించండి.

అన్నయ్యా, కాటాని మోసం చేసిన వాళ్ళ కేసులు బోలెడు టైపు చేశాను. అందరూ సరుకు అమ్ముకోవడానికి చేశారు. పెళ్ళాం చేత అడిగించుకోవడానికి చేసినవాడివి నువ్వొక్కడివే. వదినా, గ్రాముల దగ్గర లెక్కలు కట్టి కిలోల దగ్గర పట్టుబడ్డావు. రెండు సబ్బుల ముక్క నేను ఎవరితోనూ అనలేదు. పక్క కుర్చీ ఆవిడ ఉత్తరం నా భుజం మీంచి చదివేసింది, ఆవిడ అందరితో అంది.

దీంతో పాటు ఒక కాగితం పంపుతున్నాను. నాలుగో స్థానం, నడిపినది వదిన, కట్టినది అన్నయ్య అని చక్కగా టైపు చేశాను. ముద్ర లేదు, సంతకం లేదు, ఎక్కడా చెల్లదు. నకళ్ళ విభాగంలో ఇన్నేళ్ళు పనిచేసి, అసలు లేని కాగితానికి నకలు తీయడం ఇదే మొదటిసారి. షెడ్డులో తగిలించుకోండి, సుద్ద రాతల పక్కన.

అన్నయ్యా, నువ్వు భయపడ్డావని నాకు తెలుసు. వదిన చెప్పింది, ఆవిడ మీద ఎగరకు. బడి నాటకంలో ఒక్క మాట చెప్పలేక తెర వెనక్కి పారిపోయినదాన్ని నేను, నిన్నేమంటాను? బొజ్జ సంగతి మాత్రం వదలను.

వచ్చే రేసుకి సెలవు రాయించేశాను. తూకం దగ్గర నేను నిలబడతాను. మీ ఇద్దరి మాటా నమ్మేది లేదు.

మరదలు